ఫోల్డర్‌కి 'కాన్' అని పేరు పెట్టనివ్వట్లేదు, అసలు పాత ఓఎస్‌లకి ఈ పిచ్చి రూల్సన్నీ ఎక్కణ్నుంచి వచ్చాయి?

నిద్రపట్టని_కోడర్

అందరికీ నమస్తే. నిన్న ఒక కాన్ఫరెన్స్ ఫొటోలు సర్దుకుంటూ ఫోల్డర్‌కి షార్ట్‌గా ఇంగ్లీషులో సీ, ఓ, ఎన్ అని మూడక్షరాలు కొడితే విండోస్ ఒప్పుకోలేదు, ఆ డివైజ్ పేరు చెల్లదు అంటుంది. డివైజ్ ఏంట్రా బాబు నేను చేస్తుంది ఫోల్డర్ కదా అనుకుని వెతికితే అది డాస్ (విండోస్ కంటే ముందు పీసీల్లో ఉన్న ఓఎస్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్) కాలం నాటి రూల్ అంట. సరే చూద్దాం అని ఆ దారిన పోతే రాత్రి రెండయింది, ఒకదాన్ని మించింది ఇంకోటి. ఫైల్ పేరు ఎనిమిదక్షరాలు, చుక్క, తర్వాత మూడక్షరాలు, అంతే, ఇంక దాటకూడదు. మెమరీ ఎంత పెట్టుకున్నా ప్రోగ్రాములకి 640 కేబీనే. ఒకసారికి ఒకటే ప్రోగ్రాం, అది తిక్క వేషాలేస్తే మిషన్ మొత్తం బిగుసుకుపోవడమే. హార్డ్ డిస్క్ 32 ఎంబీ దాటితే ముక్కలు కోసుకోవాలి.

నా డౌట్ ఏంటంటే, యూనిక్స్ అనే ఓఎస్ 1970లలోనే పది మందిని ఒకే మిషన్ మీద కూర్చోబెట్టి నడిపింది కదా, ఫోల్డర్లు ఉన్నాయి, ఒకళ్ల ప్రోగ్రాం ఇంకొకళ్ల మెమరీ జోలికి పోకుండా కాపలా ఉంది. మరి దాని తర్వాత పదేళ్లకి వచ్చిన పీసీకి ఇవేవీ ఎందుకు లేవు? తెలీక చేశారా, తొందర్లో చేశారా, డబ్బు మిగులుతుందని చేశారా? ఇంకోటి, 640 కేబీ ఎవరికైనా చాలు అని బిల్ గేట్స్ అన్నాడంటారు, అది నిజమేనా?

ఫ్లాపీ_బాబాయ్

నీ కాన్ కథ చెప్తా ముందు, మిగతావి కూడా చాలావరకు అక్కణ్నుంచే వస్తాయి.

డాస్ కంటే ముందు సీపీ/ఎం అని ఒకటుండేది, గ్యారీ కిల్డాల్ 1974లో రాశాడు. ఇంటెల్ 8080 చిప్పు, మొత్తం మెమరీ ఎంత పెంచినా 64 కేబీ దాటదు, డిస్క్ అంటే ఫ్లాపీ. అందులో కీబోర్డు స్క్రీను కలిపి కన్సోల్ అన్నట్టు కాన్ అనేవాళ్లు, ప్రింటర్‌కి ఇంకో పేరు, ఇలా డివైజ్‌లకి పొట్టి పేర్లు. తర్వాత సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అనే చిన్న కంపెనీ ఇంటెల్ 8086 చిప్పుతో బోర్డు తయారుచేసింది, దానికి సీపీ/ఎం ఎంతకీ రావట్లేదు, ఎదురుచూసీ చూసీ అక్కడ టిమ్ పాటర్సన్ అనే ఇంజినీరు 1980లో తనే ఒకటి రాసేశాడు. దానికి పెట్టుకున్న పేరే క్యూడాస్, అంటే హడావుడిగా అతుకులబొంతలా కట్టిన ఆపరేటింగ్ సిస్టమ్ అని వాళ్లే చెప్పుకున్నట్టు. తర్వాత పేరు 86-డాస్ అయింది, 1981 జులైలో మైక్రోసాఫ్ట్ 50 వేల డాలర్లిచ్చి కొనేసింది, ఐబీఎం పీసీతో పాటు బయటికొచ్చింది.

ఇక్కడ అసలు సంగతి ఏంటంటే పాటర్సన్ లక్ష్యం కొత్త రకం ఓఎస్ కాదు. సీపీ/ఎంకి అప్పటికే బోలెడు ప్రోగ్రాములున్నాయి, వాటిని 8086కి తేలిగ్గా మార్చుకునేలా ఉండాలి, లేకపోతే ఆ బోర్డు ఎవరు కొంటారు? అందుకే సీపీ/ఎం ఎలా పిలిస్తే ఎలా పలికేదో ఇదీ అలాగే పలకాలి. ప్రోగ్రాం ఒక ఫైల్ కావాలని అడిగేటప్పుడు మెమరీలో ఒక చిన్న పట్టీ నింపి ఇవ్వాలి, డ్రైవ్‌కి ఒక బైటు, పేరుకి 8 బైట్లు, ఎక్స్‌టెన్షన్‌కి 3. ఆ ఎనిమిది మూడు అక్కణ్నుంచి వచ్చిందే. చుక్క అసలు డిస్క్ మీద ఉండదు, మనకి చూపించేటప్పుడు పెడతారంతే.

ఎక్కువ ఎందుకు ఇవ్వలేదంటావేమో, మొదటి పీసీ ఫ్లాపీ 160 కేబీ. ఒక్కో ఫైల్ వివరాలకి 32 బైట్లు, 512 బైట్ల సెక్టార్‌లో (డిస్కుని కోసిన ఒక్కో ముక్క) పదహారు పడతాయి, నాలుగు సెక్టార్లిచ్చారు, ఫ్లాపీ మొత్తానికి 64 ఫైళ్లు. ఫోల్డర్లు లేవు. 64 ఫైళ్లకి ఫోల్డర్లెందుకు, స్క్రీను మీద రెండు మూడు సార్లు పైకి జరిపితే లిస్టు అయిపోతుంది.

ఆ ఒకటే గదిలో కాన్ అనే పేరు డివైజ్‌కి కేటాయిస్తే ఎవరికీ అడ్డం కాదు, పైగా సౌకర్యం. ప్రోగ్రాం ఫైల్ పేరు అడిగినప్పుడు ప్రింటర్ పేరు కొడితే చాలు, ప్రోగ్రాంకి ప్రింటింగ్ రాకపోయినా ప్రింట్ అయిపోద్ది. తర్వాత 1983లో 10 ఎంబీ హార్డ్ డిస్కుతో పీసీ ఎక్స్‌టీ వచ్చింది, డాస్ 2.0లో ఫోల్డర్లు పెట్టారు. ఇప్పుడు యూజర్ ఏదో ఫోల్డర్ లోపల కూర్చుని ప్రింటర్ పేరు కొడితే పని చెయ్యాలా వద్దా? చెయ్యాలి, లేకపోతే పాత ప్రోగ్రాములన్నీ పాడయ్యాయని గోల. అలా ఆ పేర్లు ప్రతి ఫోల్డర్‌లో కనపడకుండా ఉన్నట్టే అయిపోయాయి. కొన్ని ప్రోగ్రాములు మనం కొట్టిన పేరుకి వాటంతటవే ఎక్స్‌టెన్షన్ తగిలించేవి కాబట్టి కాన్ డాట్ ఏదైనా సరే కాన్ కిందే లెక్క. అదే నీ ఫొటోల ఫోల్డర్‌కి తగిలింది.

సెగ్మెంట్_సుబ్బు

బాబాయ్ గారు ఫైళ్ల సంగతి చెప్పేశారు, 640 నేను చెప్తా, ఈ 640తో నేను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. మౌస్ డ్రైవర్ ముందు లోడ్ చెయ్యాలా సీడీ డ్రైవర్ ముందు చెయ్యాలా అని వరసలు మార్చి మార్చి రీబూట్ చేస్తూ ఒక్క గేమ్ కోసం రాత్రంతా కూర్చున్న రోజులున్నాయి, చివరికి గేమ్ నడిచింది కానీ మౌస్ లేదు.

మొదట ఒక్క ముక్క, 640 అనేది డాస్ పెట్టిన హద్దు కాదు. పీసీలో ఉన్నది ఇంటెల్ 8088, దానికి అడ్రస్ తీగలు ఇరవై, అంటే 10,48,576 బైట్లు, ఒక ఎంబీ. అంతకుమించి ఆ చిప్పుకి కళ్లే లేవు. ఆ ఒక ఎంబీలో ర్యామ్ ఒక్కటే ఉండదు, స్క్రీను మెమరీ, రామ్ చిప్పులు, కార్డులు అన్నీ అందులోనే సర్దాలి. (ర్యామ్ అంటే రాసుకునేది, రామ్ అంటే మార్చలేనిది, తెలుగులో రాస్తే రెండూ ఒకేలా కనపడి చావగొడతాయి, మిషన్‌ని మొదలుపెట్టే బయోస్ ప్రోగ్రాం ఉండేది రెండోదాంట్లోనే, ఇకమీద దాన్ని బయోస్ చిప్పు అంటా.)

ఈ చిప్పుకి పుట్టుకతో రెండు అలవాట్లు. కరెంటు ఆన్ చేయగానే ఒక ఎంబీకి సరిగ్గా 16 బైట్లు కింద నుంచి మొదటి ఆదేశం చదువుతుంది, కాబట్టి బయోస్ చిప్పు పై అంచున ఉండి తీరాలి. ఇంటరప్టుల (చేస్తున్న పని ఆపి ఇది చూడు అని చిప్పుకి వచ్చే పిలుపుల) పట్టిక సున్నా అడ్రస్ దగ్గర ఉంటుంది, అది మార్చుకోవాలి కాబట్టి కింద ర్యామ్ ఉండి తీరాలి. కింద ర్యామ్, పైన బయోస్, ఇంక స్క్రీను మెమరీ మధ్యలో ఎక్కడో పెట్టాలి. ఐబీఎం వాళ్లు పదహారు ముక్కల్లో కింద పది ర్యామ్‌కి, పై ఆరు మిగతావాటికి అని గీత గీశారు, పది అరవైనాలుగులు ఆరొందల నలభై. అప్పటికి అది పిసినారితనం కాదు, మొదటి పీసీ 16 కేబీతో కూడా అమ్మారు, మదర్‌బోర్డు మీద 64 కేబీ దాకానే పట్టేది. దానికి పదింతలు ఇచ్చామని అనుకుని ఉంటారు. గీత డాస్‌ది కాదనడానికి సాక్ష్యం కావాలంటే విక్టర్ 9000 అని ఇంకో మిషనుండేది, ఐబీఎం నకలు కాదు, మెమరీ అమరిక వేరు, అదే డాస్ అక్కడ 896 కేబీ దాకా వాడుకుంది.

బిల్ గేట్స్ మాటకి ఎక్కడా ఆధారం దొరకలేదు, తను అనలేదని ఆయనే చెప్పాడు. పైగా గీత గీసింది వాళ్ల కంపెనీ కాదు కదా.

అసలు తమాషా తర్వాత. 1982లో ఇంటెల్ 286 చిప్పు వచ్చింది, 16 ఎంబీ చూడగలదు, ప్రొటెక్టెడ్ మోడ్ అని కాపలా కూడా ఉంది. మరి హాయి కదా? కాదు. ప్రొటెక్టెడ్ మోడ్‌లోకి వెళ్తే డాస్ ప్రోగ్రాములు నడవవు, వెనక్కి రియల్ మోడ్‌లోకి (8088లా నడిచే పాత పద్ధతి) రావడానికి ఇంటెల్ దారే పెట్టలేదు, రీసెట్ ఒక్కటే దారి. అలాంటిది రోజూ వాడాల్సొస్తే ఏం చేస్తారు, ఐబీఎం వాళ్లు పీసీ ఏటీ అనే మోడల్‌లో కీబోర్డు కంట్రోలర్ చిప్పుకి చెప్పి ప్రాసెసర్‌ని రీసెట్ చేయించారు, రీసెట్ అయ్యాక ఇది నిజమైన రీసెట్ కాదు ఫలానా చోట నుంచి కంటిన్యూ చెయ్ అని ముందే ఒక చీటీ రాసిపెట్టి. నవ్వాలో ఏడవాలో తెలీదు.

ఆ కీబోర్డు చిప్పుతోనే ఇంకో పని కూడా చేయించారు. 8088లో ఒక ఎంబీ దాటి అడ్రస్ ఇస్తే అది మళ్లీ సున్నా దగ్గరికి చుట్టుకొచ్చేది, దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రాములున్నాయి. డాస్ లోపలే ఉంది ఆ వాడకం, సీపీ/ఎంలో ఓఎస్‌ని పిలవాలంటే అడ్రస్ ఐదుకి కాల్ చెయ్యాలి, దాన్ని డాస్‌లో కూడా నడిపించడానికి పాటర్సన్ ఈ చుట్టుడు మీద ఆధారపడే అడ్రస్ పెట్టాడు. 286లో చుట్టుకోదు, నేరుగా పై మెమరీలోకి పోద్ది. అందుకని 21వ తీగకి, సున్నా నుంచి లెక్కపెడితే ఏ20, ఒక గేటు కట్టి దాని తాళం కీబోర్డు చిప్పులో మిగిలిన ఒక కాలికి తగిలించారు. 1974 నాటి ఓఎస్ అలవాటు కోసం 1984 మిషన్‌లో మెమరీ తాళం కీబోర్డు దగ్గర ఉంది. ఆ తర్వాత చాలా ఏళ్ల పాటు వచ్చిన ప్రతి పీసీ ఆ గేటు మోసుకుంటూనే తిరిగింది.

నిద్రపట్టని_కోడర్

వామ్మో, కీబోర్డు చిప్పా! థ్యాంక్స్ ఇద్దరికీ. కానీ నా పెద్ద డౌట్ అలాగే ఉంది. ఒకేసారి రెండు ప్రోగ్రాములు, ఒకదాన్నుంచి ఒకదానికి రక్షణ, ఇవి యూనిక్స్‌లో ఉన్నాయి కదా, అది చూసి ఎందుకు చెయ్యలేదు?

దారినపోయే_దానయ్య

బ్యాక్‌స్లాష్ గురించి ఎవరూ అనలేదేంటి? అదీ ఇదే బాపతు. డాస్ 1లో కమాండ్ ఆప్షన్లకి మామూలు స్లాష్ వాడేశారు, డాస్ 2లో ఫోల్డర్లొచ్చేసరికి ఆ గుర్తు ఖాళీ లేదు, వెనక్కి వాలింది తీసుకున్నారు. ఓఎస్ లోపల మాత్రం రెండూ ఒప్పుకునేది. సరే నేను వెళ్తా.

అమిగా_అభిమాని

యూనిక్స్ ప్రశ్నకి నేను. నువ్వు రెండు వేరే వేరే విషయాలు కలిపేస్తున్నావ్ బ్రో, ఒకేసారి చాలా ప్రోగ్రాములు నడపడం ఒకటి, ఒకదాన్నించి ఒకదాన్ని కాపాడటం ఇంకోటి. మొదటిదానికి టైమర్ ఇంటరప్టు, కాస్త మెమరీ, బుద్ధి ఉంటే చాలు. రెండోదానికి చిప్పు సాయం లేకుండా కుదరదు. ప్రోగ్రాం ముట్టుకునే ప్రతి అడ్రసూ అడ్డంపెట్టి చూడాలంటే అది సాఫ్ట్‌వేర్ చేసే పని కాదు, మెమరీ మేనేజ్‌మెంట్ హార్డ్‌వేర్ ఉండాలి. యూనిక్స్ పెరిగిన పీడీపీ-11 అనే మిషన్ పెద్ద మోడళ్లలో అది ఉంది. 8088లో లేదు, యాపిల్ మొదటి మ్యాక్ కంప్యూటర్‌లో ఉన్న 68000 చిప్పులోనూ లేదు. ఓనర్ ఒక్కడే వాడే మిషన్‌కి అంత ఎందుకు అనేది అప్పటి ఆలోచన, పది మంది వాడే మిషన్ పడిపోతే పది మంది కొట్టడానికొస్తారు, నీ పీసీ పడిపోతే నువ్వే ఆన్ ఆఫ్ చేస్కుంటావ్.

మైక్రోసాఫ్ట్‌కి యూనిక్స్ తెలీదు అనుకోకు, జెనిక్స్ అని వాళ్ల యూనిక్సే 1980 నుంచి ఉంది. దానికి హార్డ్ డిస్క్ కావాలి, బోలెడు మెమరీ కావాలి, మొదటి పీసీకి హార్డ్ డిస్క్ లేనే లేదు.

1984 మ్యాక్ తీస్కో. 128 కేబీ. అందులో 512 బై 342 చుక్కల నలుపు తెలుపు స్క్రీనుకే 21,888 బైట్లు పోయాయి. మిగిలినదాంట్లో సిస్టమ్, ప్రోగ్రాం, నీ డాక్యుమెంటు. రెండో ప్రోగ్రాంని ఎక్కడ పెడతావ్? ఉన్న కొంచెం మెమరీలో ఖాళీలు ముక్కలు ముక్కలైపోతాయని ఓఎస్ డేటాని అటూ ఇటూ జరుపుకునేలా డిజైన్ చేశారు, ప్రోగ్రాంకి నేరుగా అడ్రస్ ఇవ్వరు, అడ్రస్ ఎక్కడుందో చెప్పే అడ్రస్ ఇస్తారు, ఆ పద్ధతి నాకు ఇప్పటికీ ముద్దొస్తుంది. కానీ అక్కడే ఒక పొరపాటు. 68000కి అడ్రస్ రిజిస్టర్ (చిప్పు లోపల అడ్రస్ పెట్టుకునే చోటు) 32 బిట్లు, బయటికి తీగలు 24 బిట్లకే. పై 8 బిట్లు ఊరికే పడున్నాయి కదా అని ఇది కదలకూడదు, ఇది అవసరమైతే పారెయ్యొచ్చు లాంటి గుర్తులు అక్కడ రాసుకున్నారు. ఒక్కో బైటు లెక్కపెట్టుకునే రోజుల్లో అది తెలివే. 1987లో మ్యాక్ టూ 68020తో వచ్చేసరికి మొత్తం 32 బిట్లు అడ్రసే అయిపోయాయి, ఆ గుర్తులు పెట్టుకున్న ప్రోగ్రాములు, యాపిల్ వాళ్ల సొంత చిప్పుల్లోని కోడ్‌తో సహా, ఎక్కడికో గాల్లోకి పోయేవి. సిస్టమ్ 7 1991లో వచ్చాక కూడా 32 బిట్ మోడ్ ఆన్ చెయ్యాలా వద్దా అని ఒక సెట్టింగ్ ఉండేది, పాత ప్రోగ్రాం కావాలంటే ఆఫ్ చేసి రీస్టార్ట్.

ఇక మా అమిగా, కొమొడోర్ కంపెనీ కంప్యూటర్. 1985, 256 కేబీ, అదే 68000. నిజమైన మల్టీటాస్కింగ్, ప్రోగ్రాం ఇష్టపడి దారి ఇవ్వక్కర్లేదు, ఓఎస్సే లాక్కుని ఇంకోదానికి ఇస్తుంది. అదే సంవత్సరాల్లో మ్యాక్, తర్వాత విండోస్ 3 వరకు, ప్రోగ్రాం మర్యాదగా వదిలితేనే ఇంకోదానికి వంతు. కాబట్టి హార్డ్‌వేర్ లేక మల్టీటాస్కింగ్ లేదు అనే మాట నేను ఒప్పుకోను. అలాగని అమిగాకి అంతా మంచే జరిగిందా అంటే అదీ లేదు. ప్రోగ్రాములు ఒకదానికొకటి మెసేజ్ పంపాలంటే కాపీ తియ్యరు, అది ఉన్న అడ్రస్ ఇస్తారు, అందుకే అంత చిన్న మెమరీలో అంత స్పీడు. తర్వాత కాపలా ఉన్న చిప్పులొచ్చాయి, కానీ అందరూ అందరి మెమరీలోకి తొంగిచూడటం మీదే ఓఎస్ మొత్తం కట్టి ఉంది, కాపలా పెడితే ఏ ప్రోగ్రాం నడవదు. ఆ స్పీడు ఇచ్చిన ఉపాయమే చివరికి కాళ్లకి అడ్డం పడింది.

నిక్కచ్చి_నాగయ్య

అందరూ కలిసి హార్డ్‌వేర్ మీదకి తోసేస్తున్నారు, కొంచెం ఆగండి. ఇంటెల్ 386 చిప్పు వచ్చింది 1985లో. పేజింగ్ (మెమరీని పేజీల్లా కోసి పంచడం) ఉంది, కాపలా ఉంది, డాస్ ప్రోగ్రాంని డబ్బాలో పెట్టి నడిపే వర్చువల్ 8086 మోడ్ కూడా ఇచ్చారు. విండోస్ ఎన్‌టీ వచ్చింది 1993లో, మామూలు జనం చేతికి విండోస్ 95. ఆ పదేళ్లు ఏం చేశారు? చిప్పు లేక కాదు కదా.

నేను చెప్తా ఏం జరిగిందో. డాస్ ఇచ్చిన పద్ధతిలో స్క్రీను మీద అక్షరం రాస్తే నత్తనడక, బయోస్ ద్వారా రాసినా నత్తనడకే. అందుకని 1983లో లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం నేరుగా స్క్రీను మెమరీలోకే రాసేసింది, కళ్లు మూసి తెరిచేలోపు స్క్రీను నిండేది, జనం ఎగబడ్డారు. అది చూసి అందరూ అదే దారి. ఇంక ఆ రోజు నుంచి ఓఎస్ చేతిలో ఏమీ లేదు, ప్రతి ప్రోగ్రామూ స్క్రీను నాదే, కీబోర్డు నాదే, టైమర్ నాదే అనుకుంటుంది. అలాంటివి రెండిటిని పక్కపక్కన పెట్టి కాపురం చేయించడం ఎవరి తరం? ఓఎస్ సరిగ్గా పని చెయ్యనందుకు ప్రోగ్రాములు దాన్ని తోసేసి పోయాయి, అలా తోసేసిపోయే ప్రోగ్రాములు ఉన్నందుకు ఓఎస్‌ని మార్చలేకపోయారు.

డాస్‌లోకి ఒకసారి వెళ్లిన పిలుపు పూర్తవకుండా రెండోసారి పిలిస్తే లోపల పెట్టుకున్న డేటా చెరిగిపోతుంది, ఎందుకంటే ఒకటే ప్రోగ్రాం అనుకుని రాశారు కదా. అయినా జనానికి పక్కన ఇంకో చిన్న ప్రోగ్రాం కావాలి, 1984లో సైడ్‌కిక్ వచ్చింది, ఒక కీ కొడితే మీ పని మీదే నోట్‌ప్యాడూ క్యాలిక్యులేటరూ తెరుచుకునేవి. ఇలాంటివి రాసేవాళ్లంతా డాస్ లోపల ఇప్పుడు బిజీగా ఉన్నానా లేదా అని రాసుకునే ఒక బైటుని తవ్వి తీశారు, మైక్రోసాఫ్ట్ దాన్ని మాన్యువల్‌లో చెప్పను కూడా లేదు.

ఇక 32 ఎంబీ. ఏ చిప్పు చెప్పింది 32 ఎంబీ అని? సెక్టార్ నంబర్‌కి 16 బిట్లు ఇచ్చారు, 65,536 సెక్టార్లు, ఒక్కోటి 512 బైట్లు, లెక్క కడితే 3,35,54,432 బైట్లు. పదహారు బిట్లిచ్చింది మనిషే, ఇంకో రెండు బైట్లు ఇచ్చి ఉంటే పోయేదేముంది? కాంపాక్ వాళ్లు 1987లో తమ డాస్ 3.31లో ఆ హద్దు తీసేశారు, మైక్రోసాఫ్ట్, ఐబీఎంల డాస్ 4 మరుసటేడు.

ఐబీఎం, మైక్రోసాఫ్ట్ కలిసి చేసిన ఓఎస్/2 సంగతి ఇంకా బాధ. 1987 డిసెంబరులో వచ్చింది, అప్పటికి 386 ఉంది, అయినా 286 కోసమే రాశారు, అమ్మేసిన ఏటీ మిషన్లకి మాట ఇచ్చారు మరి. సుబ్బు చెప్పిన ఆ రీసెట్ తిప్పలన్నీ పడి, చివరికి ఒకసారికి ఒక్క డాస్ ప్రోగ్రాం నడిపే డబ్బా ఇచ్చారు.

ఫ్లాపీ_బాబాయ్

నాగయ్య గారూ, పదేళ్ల సంగతి మీరన్నదానికి ఎదురు చెప్పను. కానీ 16 బిట్లు మనిషిచ్చాడు అన్నారే, ఆ మనిషి ఏ డిస్కుని చూస్తూ ఇచ్చాడో కూడా చూడాలి కదండీ.

ఫ్యాట్, అంటే డిస్క్ మీద ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టిక, మొదట 1977లో మార్క్ మెక్‌డొనాల్డ్ మైక్రోసాఫ్ట్ బేసిక్ కోసం ఫ్లాపీల మీద చేశాడు, పాటర్సన్ ఆ ఆలోచన తీసుకుని 12 బిట్లకి మార్చుకున్నాడు. 160 కేబీ ఫ్లాపీలో మొత్తం 320 సెక్టార్లు, ఒక్కోదానికి 12 బిట్లు అంటే బైటున్నర, మొత్తం పట్టిక 500 బైట్ల లోపే, ఒక్క సెక్టార్‌లో పట్టేసింది. డిస్క్ మ్యాపు మొత్తం ఎప్పుడూ మెమరీలోనే ఉంచుకోవచ్చు, ఖాళీ చోటు వెతకడానికి ఫ్లాపీ తిప్పక్కర్లేదు. సీపీ/ఎంతో పోలిస్తే ఇది నిజంగా మెరుగైన డిజైన్. 320 సెక్టార్ల కోసం రాసేవాడికి 65 వేల నంబర్లిస్తే అది రెండొందల రెట్లు. మీరైనా ఇంకో రెండు బైట్లు ఇవ్వరు, 16 బిట్ రిజిస్టర్ ఉన్న చిప్పులో ప్రతి లెక్కకీ రెండు రిజిస్టర్లు కావాలంటే ఆ కోడ్ సైజు 16 కేబీ మిషన్‌లో ఎవరు భరిస్తారు?

మీతో ఒప్పుకునేది ఎక్కడంటే, అది ఫ్లాపీ కోసం చేసింది అని తెలిసీ 1983లో హార్డ్ డిస్కుకి అదే తగిలించారు, 1984లో ఆ పట్టిక నంబర్లని 16 బిట్లకి పెంచారు, తర్వాత 2 జీబీ దాకా సాగదీశారు, ఆ చివర్లో ఒక్కక్షరం ఉన్న ఫైల్ కూడా డిస్క్ మీద 32 కేబీ తినేది. అక్కడ ఆగి కొత్తది రాయాల్సింది.

పొడుగు పేర్ల కథ కూడా చెప్పేస్తా, ఇది నాకు భలే ఇష్టం. విండోస్ 95లో పేర్లు 255 అక్షరాల దాకా ఇవ్వాలి, అదే డిస్కుని పాత డాస్ ప్రోగ్రాములు తెరిచినా గొడవ రాకూడదు. ఏం చేశారంటే అదే 32 బైట్ల గడుల్లో దొంగ గడులు పెట్టారు, ఒక్కోదాంట్లో 13 అక్షరాలు. ఆ గడి మీద ఇది దాచిన ఫైలు, చదవడానికి మాత్రమే, సిస్టమ్‌ది, పైగా డిస్క్ పేరు కూడా అని నాలుగు గుర్తులూ ఒకేసారి వేశారు. అలాంటి ఫైలు ప్రపంచంలో ఉండదు కాబట్టి పాత ప్రోగ్రాములు పక్కకి తప్పుకుని పోయేవి. వాటికి కనపడటానికి టిల్డే (~) ఒకటి అని తోక తగిలించిన పొట్టి పేరు వేరే.

నిద్రపట్టని_కోడర్

ఇవన్నీ చదివాక ఎనిమిదక్షరాల వాళ్లని తిట్టబుద్ధి కావట్లేదు, నాగయ్య గారు చెప్పిన ఆ పదేళ్ల మీద మాత్రం కోపం తగ్గలేదు.

ఫ్యాట్ అన్నారు కదా అని నా పాత పెన్‌డ్రైవ్ పెట్టి చూశా, ఫ్యాట్32 అనే ఉంది. ఫైళ్ల ప్రాపర్టీస్ తెరిచి చూస్తుంటే వింత కనపడింది, మార్చిన టైమ్‌లో సెకన్లు అన్నీ సరి సంఖ్యలే, ఒక ఇరవై ఫైళ్లు చూశా, ఒక్క బేసి సంఖ్య లేదు. ఇదీ మన బాపతేనా?

సెగ్మెంట్_సుబ్బు

హహ, దొరికింది నీకు. టైముకి 16 బిట్లు. గంటలకి 5, నిమిషాలకి 6 పోతే సెకన్లకి మిగిలింది 5, ముప్ఫైరెండు దాకానే లెక్క, అందుకే రెండేసి సెకన్లు. తేదీకి ఇంకో 16, అందులో ఏడు బిట్లు సంవత్సరానికి, 1980 నుంచి మొదలు, 2107 దాకా వస్తుంది. ఆ పెన్‌డ్రైవ్ అప్పటిదాకా ఉంటే ఎవరో ఒకళ్లు ఇక్కడికే వచ్చి అడుగుతార్లే.